నలుగురి ముందు నోరు ఎందుకు పెగలదు? తిరుపతిలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున పూట తిరుపతిలో కొంతమందిమి ఒకచోట చేరి, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తుంటాం. డిగ్రీ పిల్లలు, ప్రైవేటు బళ్ల టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, షాపుల్లో పనిచేసేవాళ్లు, రిటైరైన పెద్దలు వస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈ భయం నా ఒక్కడికేనా సార్?

కాదు. ఈ ప్రశ్నను ప్రతివాళ్లూ పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. పక్క కుర్చీలో ఉన్నాయన పోయిన వారమే ఇదే మాట, ఇట్లాగే గుసగుసగా అడిగాడని వాళ్లకు తెలియదు.

గాంధీగారు లండన్‌లో చదువుకునేటప్పుడు శాకాహారుల సంఘం సమావేశాల్లో నోరు తెరవలేకపోయేవారు. కాగితం మీద రాసుకెళ్లినదాన్ని కూడా వేరేవాళ్లు చదివి వినిపించాల్సి వచ్చింది. బారిస్టరై బొంబాయి వచ్చాక, మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, ఏమడగాలో తోచక కూర్చుండిపోయారు. వేరే వకీలును పెట్టుకోండి, నా ఫీజు వెనక్కి తీసుకోండి అనేశారు. ఇదంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. కాబట్టి ఈ భయానికీ చదువుకూ, ఈ భయానికీ తెలివికీ ముడిపెట్టకండి.

చావుకంటే మైకంటేనే జనానికి ఎక్కువ భయమట కదా?

వాట్సాప్‌లో ఇది తిరుగుతూనే ఉంటుంది. దీనికి మూలం 1973లో అమెరికాలో చేసిన ఒక సర్వే. ఒక జాబితా ఇచ్చి, ఇందులో మీకు భయమున్నవన్నీ చెప్పండి అన్నారు. నూటికి 41 మంది దాకా నలుగురి ముందు మాట్లాడటం అన్నారు, 19 మంది దాకా చావు అన్నారు. అంటే ఎక్కువమంది చెప్పారు, అంతే. ఎక్కువ భయపడ్డారని ఆ సర్వే ఎక్కడా చెప్పలేదు. 2012లో అక్కడే కాలేజీ విద్యార్థులను మళ్లీ అడిగి చూశారు. జాబితాలో ఎక్కువ టిక్కులు ఈసారి కూడా ప్రసంగానికే పడ్డాయి. కానీ వీటన్నిటిలో ఏదంటే ఎక్కువ భయం అని అడిగేసరికి చావే ముందుకొచ్చింది.

మెడ మీద కత్తి పెట్టి మాట్లాడతావా చస్తావా అంటే మనలో ఎవరైనా మాట్లాడతాం. భయం పెద్దదే గానీ మరీ అంత పెద్దది కాదు.

స్టేజీ ఎక్కగానే నాలుక పిడచ కట్టుకుపోతుంది, చేతులు వణుకుతాయి, కడుపులో తిప్పుతుంది. నా ఒంట్లో ఏదైనా లోపముందా?

లోపం లేదు. ఒళ్లు తన పని తాను సరిగ్గా చేస్తోంది, కాకపోతే చోటు కాని చోట చేస్తోంది.

అలిపిరి మెట్ల దారిలో చిరుత ఎదురైందనుకోండి. ఆలోచన కంటే ముందే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం గంట మోగిస్తుంది. మూత్రపిండాల పైన టోపీలాగా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1915లో దీన్ని వివరించాడు: ఒళ్లు తిరగబడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. కాళ్ల కండరాలకు రక్తం పంపాలి కాబట్టి గుండె దడదడలాడుతుంది. ఆ సమయంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కాబట్టి కడుపు పని ఆపేస్తుంది, అదే ఆ తిప్పుడు. లాలాజలం కూడా తిండి అరుగుదలలో భాగమే, అది తగ్గి చిక్కబడుతుంది, నోరు ఎండుతుంది. పరుగెత్తితే ఒళ్లు కాగుతుందని ముందే చెమట పడుతుంది. గొంతు చుట్టూ కండరాలు బిగుసుకుని గొంతు సన్నగా, పైస్థాయిలో వస్తుంది. ఇక వణుకంటారా, పరుగుకు తయారైన కండరాన్ని మైకు ముందు కదలకుండా నిలబెడితే అది చేసేది అదే.

మెదడు ఖాళీ అయిపోవడం కూడా ఇందులో భాగమే. టెన్షన్ బాగా పెరిగినప్పుడు, అప్పటికప్పుడు మాటలు కూర్చుకునే మెదడు ముందుభాగం మందగిస్తుంది. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, ఆ క్షణానికి చేతికి అందదంతే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ భయం మాట్లాడబోయే ముందు, మాట్లాడే మొదటి నిమిషంలో తారస్థాయిలో ఉంటుంది. ఆ తర్వాత చాలామందికి దిగుముఖం పడుతుంది. మొదటి నిమిషంలోనే దిగి వచ్చేసినవాళ్లకు ఆ దిగుముఖం ఎప్పటికీ తెలియదు.

ఫ్రెండ్స్ దగ్గర గంటలకొద్దీ వాగుతాను. మైకు ఇస్తే ఒక్క ముక్క రాదు. నోరు అదే కదా అన్నా?

మొత్తం పేజీలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఈ జవాబు చదవండి.

నోరు అదే. మారింది ఎదుటివాళ్ల చేతిలో ఉన్న పని. ఫ్రెండ్స్ మీ మాట వింటారు. హాల్లో కూర్చున్నవాళ్లు మిమ్మల్ని తూకం వేస్తున్నారని మీకు అనిపిస్తుంది. మన భయం మాట్లాడటం మీద కాదు, మాట్లాడాక పడే మార్కు మీద.

ఇది ఊరికే అంటున్నది కాదు. మనిషిలో టెన్షన్ ఎట్లా పుడుతుందో ప్రయోగశాలలో చూడాలంటే పాముల్నో తుపాకుల్నో తేనక్కర్లేదని జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు 1993లో చూపించారు. మనిషిని ఒక గదిలోకి పిలిచి, ముగ్గురిని బల్ల వెనక కూర్చోబెట్టి, ఉద్యోగం ఇంటర్వ్యూలో లాగా 5 నిమిషాలు మాట్లాడమంటారు. తర్వాత 1022 లోంచి 13 తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు. తప్పితే మళ్లీ మొదటికి. కూర్చున్న ముగ్గురూ నవ్వకూడదు, తల ఊపకూడదు, మొహంలో ఏ భావమూ కనిపించకూడదు. అంతే, ఒంట్లో కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోను బాగా పెరుగుతుంది. ఇప్పటికీ ప్రపంచమంతా ఈ పరీక్షే వాడుతున్నారు. 2004లో ఇట్లాంటి 208 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది ఏమిటంటే, పని కష్టంగా ఉండటం ఒక్కటే కార్టిసాల్‌ను అంతగా పెంచదు. ఎవరో మనకు విలువ కడుతున్నారు, పైగా ఫలితం మన చేతిలో లేదు అనే రెండూ కలిసినప్పుడే అది ఎగబాకుతుంది.

మన ఊళ్లో దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, రోజుకొకటి. ఒకనాడు ఒళ్లంతా కుంకుమ, ఇంకోనాడు బొగ్గు, వేపమండలు. క్లాసులో అటెండెన్స్ పలకడానికే సిగ్గుపడే కుర్రాడు ఆ రోజు నడివీధిలో గొంతు చించుకుని బూతులు తిడతాడు. తిట్టించుకున్న పెద్దమనిషి నవ్వుకుంటూ పోతాడు. జనం తక్కువా? వీధులు నిండిపోయి ఉంటాయి. ఎదురుగా ఉన్నది రోజూ చూసే ఊరివాళ్లే. కానీ ఆ రోజు ఎవరూ అతనికి మార్కులు వేయరు. తప్పు మాట్లాడటమే అమ్మవారి దగ్గర ఆచారం. పైగా మొహం మీద వేషం ఉంది, ఏమన్నా అంటే వేషాన్ని అంటారు. జాతర అయిపోయి మొహం కడుక్కున్నాక, జూన్‌లో కాలేజీ తెరిచేసరికి మళ్లీ అదే కుర్రాడు వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటాడు.

ఈ మార్కుల భయం ఎక్కడ అంటుకుంటుంది?

కొంత పుట్టుకతో వస్తుంది. కొందరు పిల్లలు పసితనం నుంచే కొత్త మనుషులను చూస్తే వెనక్కి తగ్గుతారు, కవలల మీద చేసిన అధ్యయనాలు కూడా వంశపారంపర్యం పాత్ర ఉందనే చెబుతున్నాయి. నలుగురిలో భయం జబ్బు స్థాయికి వెళ్లేవాళ్లలో అది సాధారణంగా మొదలయ్యేది 13 ఏళ్ల ప్రాంతంలో. తోటివాళ్లు ఏమనుకుంటారో అనేదే ప్రపంచమయ్యే వయసు అది.

మిగతాది మనం నేర్పిస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకేం పని అంటాం. బళ్లో లేచి నిలబడటం అంటేనే సగం శిక్ష. వాచకం చదవమని లేపుతారు, ఒక వత్తు తప్పుతుంది, వెనక బెంచీ ఘొల్లుమంటుంది, టీచరు కూడా ఆపుకోలేక నవ్వుతారు. ఇక ఏడాదికి రెండుసార్లు, ఆగస్టు 15కూ జనవరి 26కూ మైకు దొరుకుతుంది. అదీ ఎవరికి? ఎప్పుడూ దొరికే ఆ ఇద్దరు ముగ్గురికే. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికీ అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా బట్టీ అప్పగించి దిగిపోతారు.

ఆ తర్వాత ఇంటర్. హాస్టల్లో రెండేళ్లు పొద్దున లేచింది మొదలు స్టడీ అవర్లు, టెస్టులు. ఆ రెండేళ్లలో పిల్లవాడు క్లాసులో ఎన్ని వాక్యాలు మాట్లాడాడో లెక్కేస్తే ఒక పేజీ కూడా నిండదు. అట్లాంటి పిల్లవాణ్ణి బీటెక్ చివరి ఏడాదిలో గ్రూప్ డిస్కషన్‌లో కూర్చోబెట్టి, వీడికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు అంటారు. ఎక్కడి నుంచి వస్తాయి?

నా గుండె దడ, చేతుల వణుకు అందరికీ కనిపించిపోతాయి కదా?

మీరనుకున్నంత కనిపించవు. అమెరికాలో థామస్ గిలోవిచ్ బృందం 2000లో ఒక సరదా ప్రయోగం ప్రచురించింది. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి అందరూ ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని అతను అనుకున్నాడు. నిజానికి గమనించింది నాలుగో వంతు మంది.

2003లో అదే కోవలో ఇంకో ప్రయోగం జరిగింది, ఈసారి ప్రసంగం మీద. మాట్లాడబోయేవాళ్లలో కొందరికి ముందే ఒక మాట చెప్పారు: మీ లోపలి కంగారు మీరనుకున్నంతగా బయటికి తెలియదు అని. ఆ ఒక్క మాట విన్నవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు. వాళ్ల ప్రసంగం విన్న శ్రోతలూ అదే అన్నారు.

మా దగ్గర దీన్ని ఫోనులో వీడియో తీసి చూపిస్తాం. చూసుకునేవాళ్ల మొహాలు చూడాలి. చచ్చేంత వణికానే, ఇదేంటి ఇట్లా కనిపిస్తున్నా అంటారు. ఒకటి మాత్రం నిజంగా కనిపిస్తుంది, చేతిలో కాగితం. పల్చటి ఏ4 కాగితం చిన్న వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది, మైకు దగ్గరైతే గరగర శబ్దం కూడా. అట్ట ముక్క మీద రాసుకోండి, పెళ్లి కార్డు వెనక ఖాళీ ఉంటుంది చూడండి, అది బ్రహ్మాండంగా సరిపోతుంది.

మొత్తం బట్టీ పట్టి వెళ్తే సరిపోదా?

మాటకు మాట బట్టీ పడితే ఒక మాట జారినప్పుడు మొత్తం ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి అందుకుంటే తప్ప రాదు.

చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. పగటి పూట కథ చెప్పే భాగవతారును గమనించండి. పద్యాలు, కీర్తనలు ఆయనకు కంఠతా వచ్చు. మధ్యలో వచనం మాత్రం అప్పటికప్పుడు అల్లుతాడు. ముందు వరసలో తాత కునుకు తీస్తుంటే ఆయన్నీ కథలోకి లాగుతాడు. కథ దారి తెలుసు, మాటలు దారిలో దొరుకుతాయి. మనమూ అంతే చేయాలి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నిద్రలో లేపినా చెప్పగలిగేలా నేర్చుకోవాలి. మధ్యలో చెప్పాల్సిన నాలుగైదు సంగతులకు ఒక్కో మాట అట్ట మీద రాసుకోవాలి.

ప్రాక్టీస్ మాత్రం గట్టిగా, పైకి మాట్లాడుతూ చేయాలి. జనం ముందు ఉన్నప్పుడు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, అలవాటు లేని పని ఇంకా చెడుతుంది అని రాబర్ట్ జయోంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లోనే చెప్పాడు. మనసులో చదువుకుంటే నోటికి అలవాటు కాదు.

మాది కుప్పం పక్క. మా మాటలో తమిళం, కన్నడం కలుస్తాయి. నవ్వుతారేమో?

ఎవరో ఒకరు నవ్వుతారు. సినిమాల్లో, టీవీల్లో ఒకే రకం తెలుగును మంచి తెలుగుగా చూపించి చూపించి, వచ్చినాడు, పోతాండా, ఎట్లుండావు అంటే నవ్వొచ్చేలా చేశారు. యాసను దాచుకోవాలని చూస్తే బుర్రలో రెండు పనులు నడుస్తాయి, చెప్పే విషయం ఒకటి, యాసను కప్పిపుచ్చడం ఒకటి. ఆ రెండోదానికే సగం శక్తి పోతుంది. మీ మాట హాలు చివర ఉన్నవాళ్లకు స్పష్టంగా వినిపిస్తే చాలు. ఎదుటివాళ్లకు తెలియని మాట దొర్లితే ఒకసారి విడమరచి చెప్పి ముందుకు పోండి.

ఇంగ్లీషులో అయితే ఇంకా భయం.

అక్కడ తూకం రెండింతలు: విషయానికి ఒకటి, గ్రామరుకు ఒకటి. ముందు తెలుగులో నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకోండి. నిలబడే ధైర్యం ఒక భాషలో వస్తే రెండో భాషకు చాలావరకు పనికొస్తుంది. ఇంగ్లీషుకు చిన్న వాక్యాలు చాలు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా చాలామంది మనలాంటి బళ్ల నుంచి వచ్చినవాళ్లే.

అద్దం ముందు ప్రాక్టీస్ చేయమంటారు, చేయాలా?

మాకైతే పెద్దగా నచ్చదు. మిమ్మల్ని మీరే తూకం వేసుకుంటూ కూర్చుంటారు. ఇంట్లో ఒక మనిషి ఎదురుగా కూర్చుని వింటే అంతకంటే మేలు, ఆ మనిషి బియ్యం ఏరుకుంటూ విన్నా సరే.

ఆడవాళ్లకు ఈ భయం ఎక్కువా?

సర్వేల్లో ఎక్కువగా చెప్పుకునేది ఆడవాళ్లే. మన సభలు ఒకసారి చూడండి. ప్రార్థనా గీతం ఆడపిల్లలు పాడతారు, జ్యోతి వెలిగించేటప్పుడు పళ్లెం ఆడపిల్లలు పట్టుకుంటారు, చివర్లో అందరూ లేచి పోతుండగా వందన సమర్పణ ఒక మేడమ్‌కి ఇస్తారు. మధ్యలో రెండు గంటల ప్రసంగాలు మగవాళ్లవి. ప్రాక్టీస్ ఎక్కడ దొరుకుతుంది మరి?

దొరికిన చోట సంగతి వేరు. పొదుపు సంఘాల్లో లెక్కలు చదివి వినిపించి, బ్యాంకు వాళ్లతో వాదించి మాట నేర్చుకున్న ఆడవాళ్లు మన జిల్లాలో ఊరికొకరైనా కనిపిస్తారు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా మీద తిరగబడినవాళ్లు ఏ స్పీకింగ్ కోర్సూ చదవలేదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

భయం తగ్గాక మాట్లాడదాం అనుకుంటే అది తగ్గదు. పిలిచినప్పుడు జ్వరమని ఎగ్గొట్టారనుకోండి, వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుంది. తప్పించుకుంటే బతికిపోయాం అని మెదడు నేర్చుకుంటుంది, వచ్చేసారి గంట ఇంకా గట్టిగా మోగిస్తుంది. మానసిక వైద్యులు చేయించేది దీనికి తిరగేసిన పని: చిన్న మోతాదులో భయాన్ని ఎదుర్కోవడం, అది దానంతటది దిగేదాకా అక్కడే ఉండటం, తర్వాత ఇంకో మెట్టు ఎక్కడం.

మొదటి మెట్టు మా దగ్గర మాట్లాడటం కూడా కాదు. లేచి ముందుకు వచ్చి, అందరి వైపూ చూసి, రెండు సార్లు నిదానంగా ఊపిరి తీసుకుని వదిలి, పేరూ ఊరూ చెప్పి వెళ్లి కూర్చోవాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. చేసి చూడండి, ఆ రెండు ఊపిర్ల నిశ్శబ్దం యుగంలా అనిపిస్తుంది. కూర్చున్నవాళ్లకు అది కొన్ని సెకన్లే. ఆ తేడా ఒంటికి తెలిసిన రోజు సగం పని అయినట్టే, ఎందుకంటే తడబడేవాళ్లలో చాలామంది నిశ్శబ్దానికి భయపడి పరుగెత్తి తడబడతారు.

తర్వాత కూర్చున్న చోటి నుంచే ఒక ప్రశ్న అడగడం. ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో సెమినార్లు జరుగుతుంటాయి, చివర్లో ఎవరికైనా ప్రశ్నలున్నాయా అంటారు. అందరూ కిందికి చూస్తారు. మీరు ఒక్క ప్రశ్న, రాసుకుని చదివినా సరే, అడగండి. ఆపైన అపార్ట్‌మెంట్ మీటింగు, గుళ్లో అన్నదానం రోజున నాలుగు మాటలు, బంధువుల పెళ్లిలో పరిచయాలు. మహతి ఆడిటోరియం దాకా ఇప్పుడే పోనక్కర్లేదు.

ఒకసారి బాగా జరిగి తర్వాత నెలల తరబడి మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఏడాదికొక పెద్ద ప్రసంగం కంటే వారానికొక రెండు నిమిషాలు నయం.

స్టేజీ ఎక్కే ముందు అరగంట ఏం చేయాలి?

హాలుకు ముందుగా చేరండి. ఖాళీ హాల్లో ఒకసారి మైకు దగ్గర నిలబడి చివరి వరస చూడండి. వచ్చేవాళ్లతో ఒకరిద్దరితో కబుర్లు వేయండి, తర్వాత జనంలో వాళ్ల మొహాలు తెలిసిన మొహాలవుతాయి. గోరువెచ్చని నీళ్లు గుటక గుటకగా తాగండి. కాఫీ మీద కాఫీ వద్దు, గుండె దడకు అది తోడవుతుంది. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే వదిలేది నిదానంగా, ఎక్కువసేపు వదలండి. గుండె వేగం నిజంగానే తగ్గుతుంది.

కంగారు పడకు, కంగారు పడకు అని మనసుకు చెప్పుకోవడం పెద్దగా పని చేయదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చేసిన ప్రయోగాల్లో, నాకు ఉత్సాహంగా ఉంది అని పైకి అనుకుని వెళ్లినవాళ్లు, నేను ప్రశాంతంగా ఉన్నాను అనుకున్నవాళ్ల కంటే బాగా మాట్లాడారు. దడ దడే, దానికి మనం పెట్టే పేరు మార్చడం తేలిక.

మైకు సంగతి ఎవరూ నేర్పరు. గడ్డానికి కొద్దిగా కింద, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. దాని తల మీద అరచెయ్యి మూయకండి, స్పీకర్ బాక్సు వైపు తిప్పకండి, కుయ్యిమంటుంది. ఆ కుయ్యితోనే సగం మంది ధైర్యం పోతుంది, తప్పు తమదే అనుకుంటారు.

ఏదో మాత్ర వేసుకుంటే వణుకు రాదట కదా?

ప్రొప్రనలాల్ గురించి అడుగుతున్నారు. అది అడ్రినలిన్ గుండె మీద చూపే ప్రభావాన్ని అడ్డుకుంటుంది. దడ, వణుకు తగ్గుతాయి, మనసులో భయం మాత్రం ఉండొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. షుగరుకు మందులు వాడేవాళ్లలో, షుగరు పడిపోయినప్పుడు కనిపించే గుండె దడ లాంటి గుర్తులను కప్పేస్తుంది. డాక్టరు రాస్తేనే, ఆయన చెప్పినంతే. పక్కింటాయన బీపీ మాత్రల్లోంచి ఒకటి తీసి వేసుకోవడం అస్సలు వద్దు.

మా అబ్బాయి ఏడో తరగతి. బళ్లో నోరు విప్పడని టీచరు చెబుతున్నారు.

చుట్టాలు వచ్చినప్పుడు, రారా ఒక పద్యం చెప్పు అని పిలిచి నిలబెట్టకండి. చెప్పకపోతే వీడికి సిగ్గెక్కువ అని వాడి ముందే అనకండి, ఆ మాటను వాడు నిజం చేస్తాడు. భోజనాల దగ్గర ఇవాళ బళ్లో ఏం జరిగిందో చెప్పనివ్వండి, మధ్యలో దిద్దకండి. టీచరుతో మాట్లాడి, అందరి ముందు కాకుండా ముందు ముగ్గురు నలుగురి గుంపులో చదివించమని అడగండి.

నాకు నత్తి ఉంది. నేను రావచ్చా?

తప్పకుండా. నత్తి భయం వల్ల పుట్టదు, భయం దాన్ని పెంచుతుంది. స్పీచ్ థెరపిస్టును కూడా కలవండి, రెండూ పక్కపక్కన నడవొచ్చు. మా దగ్గర ఒకటే నియమం, మీ మాట ఎవరూ పూర్తి చేయరు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

స్టేజీ ఒక్కటే కాక హోటల్లో నలుగురి ముందు తినడానికి, ఫోను ఎత్తడానికి, కొత్తవాళ్లతో మాట్లాడటానికి కూడా భయపడుతూ, అది నెలల తరబడి సాగుతూ, దానివల్ల చదువో ఉద్యోగమో వదులుకునే పరిస్థితి వస్తే వెళ్లండి. ప్రసంగం ముందు మందు తాగే అలవాటు మొదలైనా వెళ్లండి. దీనికి మంచి చికిత్స ఉంది. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ భయం పూర్తిగా పోతుందా?

చాలామందికి పూర్తిగా పోదు. తగ్గుతుంది, తొందరగా దిగుతుంది, పని చెడగొట్టడం మానేస్తుంది. ఏళ్ల తరబడి వేదికలెక్కినవాళ్లకు కూడా మొదటి నిమిషం గుండె కొట్టుకుంటుంది, అడిగి చూడండి.

మేము వినేవాళ్లం. మేమేం చేయగలం?

ట్రియర్ పరీక్షలో ఆ ముగ్గురు ఏం చేశారో గుర్తుందా, మీరు అది చేయకండి. ఫోను కింద పెట్టండి. మాట్లాడే మనిషి మీ వైపు చూసినప్పుడు ఒకసారి తల ఊపండి. తడబడితే చప్పట్లు కొట్టి జాలి చూపించనక్కర్లేదు, కాసేపు ఆగితే చాలు. టీచర్లకు ఒక ప్రత్యేక మనవి: తప్పు చదివిన పిల్లవాణ్ణి దిద్దేటప్పుడు వెనక బెంచీ నవ్వును ముందు ఆపండి, వత్తు తర్వాత దిద్దవచ్చు.

మా నాన్న సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. ఆఫీసర్ల ముందు నిలబడితే ఆయనకు మాట రాదు. ఏం చేయమంటారు?

అక్కడ జనం ఎక్కువ, ఒక్కొక్కరికి దొరికే సమయం తక్కువ. కాబట్టి కథంతా కాదు, మూడు వాక్యాలు సిద్ధం చేయండి. నా పేరు ఫలానా, మాది ఫలానా మండలం ఫలానా ఊరు. నా సమస్య ఇది, సర్వే నంబరు ఇంత. నాకు ఈ పని చేసి పెట్టండి. మూడోది చాలామంది మర్చిపోతారు, కష్టమంతా చెప్పి ఏం కావాలో చెప్పకుండా దండం పెట్టి వచ్చేస్తారు. అదే మూడు వాక్యాలు అర్జీ మొదట్లో పెద్ద అక్షరాలతో రాయించండి. ఆదివారం రాత్రి మీరు కుర్చీలో ఆఫీసరులా కూర్చోండి, ఆయన్ని నిలబడి చెప్పమనండి, మధ్యలో ఒకసారి ఏంటి సమస్య అని అడ్డం పడండి కూడా. అక్కడ మాట ఆగిపోతే కాగితం ముందుకు జరిపి, ఇందులో రాసినాము సార్, ఒక్కసారి చూడండి అంటే చాలు. రసీదు మాత్రం తీసుకోకుండా రావద్దని చెప్పండి.